బావిలో పురుగుందని బంతిభోజనంలో చెప్పాను

ఏమైంది, ఏమైంది అని పొద్దుట్నుంచీ అందరూ అడుగుతున్నారు కదా, చెబుతాను. ముందు ఆ టీ ఇలా ఇవ్వండి. నోరా, వీపుకు తేకే అంటారు చూడండి, ఆ సామెత పుట్టించినవాళ్ళెవరో నాలాంటిదాన్ని చూసే పుట్టించి ఉంటారు. నిన్న ఆదివారం నా పీహెచ్‌డీని నేనే స్వయంగా బావిలో ముంచేసి వచ్చాను. ముంచినందుకు జనం చప్పట్లు కూడా కొట్టారు!

నవ్వకండి సుజాత గారూ. మీ కెమిస్ట్రీ వాళ్ళకేం, సీసాలో పోసింది సీసాలోనే ఉంటుంది. నా ఖర్మ అలా కాదు.

మన స్టాఫ్ రూమ్‌లో మేథ్స్ సార్ కొత్తగా చేరారు కాబట్టి మొదట్నుంచీ చెప్పాలి. నేను జువాలజీ అండీ. పాఠాలు చెప్పుకుంటూనే బావుల్లో పురుగుల మీద రీసెర్చి చేస్తున్నాను. అలా మొహం పెట్టకండి, మా అత్తగారు కూడా అలాగే పెడతారు. భూమి లోపల ఇసక రేణువుల సందుల్లో నీళ్ళుంటాయి కదా, ఆ చీకట్లోనే పుట్టి, ఆ చీకట్లోనే బతికి, అక్కడే పోయే జీవులున్నాయి. రొయ్యకి దూరపు చుట్టాలు. కళ్ళుండవు, ఒంటికి రంగుండదు, బియ్యపు నూకంత కూడా ఉండవు. కర్నూలు వైపైతే సున్నపురాతి గుహలున్నాయి, లోపలికి దిగి వెతుక్కోవచ్చు. మన కృష్ణా డెల్టాలో గుహలెక్కడివి? ఎంత తవ్వినా ఒండ్రుమట్టీ ఇసకానే. అందుకని నాకు గుహ అన్నా బావే. సన్నటి సిల్కు గుడ్డతో కుట్టిన వల ఒకటుంటుంది, దాని కొసకి చిన్న సీసా. తాడు కట్టి అడుగుదాకా దించి, అక్కడి బురద కదిలేలా పైకీ కిందికీ ఆడించి లాగాలి. ఆ నీళ్ళు తెచ్చుకుని మైక్రోస్కోపు కింద వెతుక్కోవాలి. ఇంతే పని.

ఈ పని చేస్తుంటే జనం ఏమనుకుంటారో తెలుసా? గన్నవరం దగ్గర ఒకాయన నేను బోరుకి పాయింటు చూడ్డానికి వచ్చాననుకుని చేతిలో కొబ్బరికాయ పెట్టాడు. గుణదలలో ఒకావిడైతే, "బావిలో ఇత్తడి చెంబు పడిపోయి చాన్నాళ్ళైందమ్మా, కాస్త తీసిపెడుదూ" అంది. ఇది వలండీ, పాతాళగరిగె కాదు అంటే వినదే! చెంబు తీయలేనిదానివి ఇంక పురుగుల్నేం తీస్తావన్నట్టు చూసింది నన్ను.

ఇలాంటి బతుక్కి దేవుడిచ్చిన వరం రామ్మోహనరావు గారి బావి. మావారిది వన్ టౌన్‌లో బట్టల కొట్టు కదా, ఈయన ఆ కొట్టుకి పాత బేరం. ఉయ్యూరు అవతల ఊరు, చెరుకు రైతు. మహా మర్యాదస్తుడు. ఆయనకున్న గొప్పల్లా ఒక్కటే, ఆ బావి. ఆ ఊళ్ళో ఎక్కడ బోరేసినా ఉప్పునీళ్ళే పడతాయి, వీళ్ళ పెరట్లో బావి మాత్రం కొబ్బరినీళ్ళలా ఉంటుంది. వీధి వీధంతా బిందెలు పట్టుకుని అక్కడికే వస్తారు. బోరు నీళ్ళలో చచ్చినా ఉడకని కందిపప్పు ఈ నీళ్ళలో ఇట్టే మెత్తబడుతుందట. కొట్టుకొచ్చి చీరలు పరిపించుకుని, చీరల సంగతి వదిలేసి బావి సంగతి చెబుతారాయన. మావారు ఒకసారి ఊరికే, "మా ఆవిడ బావులు చూస్తుందండీ" అన్నారు. ఇంకేముంది!

"మరైతే మా బావి చూడకపోతే ఎలాగండీ? ఈ ఆదివారమే పంపించండి!"

వెళ్ళాను. ఆయన భార్య అన్నపూర్ణమ్మ గారు కాఫీ ఇచ్చారు, జున్ను పెట్టారు, వచ్చేటప్పుడు సంచీ నిండా వంకాయలు కోసిచ్చారు. వల దించి నీళ్ళు తెచ్చుకున్నాను. మర్నాడు లాబ్‌లో కూర్చుని చూస్తుంటే కనబడింది, సన్నటి తెల్లదారపు ముక్క. దారానికి కాళ్ళున్నాయి! ఇన్నేళ్ళలో అలాంటిది నేను చూడలేదు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మళ్ళీ కూర్చున్నాను. అటెండరు రత్తయ్య వచ్చి, "ఏం మేడమ్, కరెంటు షాకా?" అన్నాడు.

మా గైడు గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన సంగతి మీకు తెలుసుగా, ఆయన నోట్లోంచి "బాగుంది" అనే మాట వస్తే ఆ రోజు వానొస్తుంది. మైక్రోస్కోపులోంచి తల ఎత్తలేదు. ఎత్తాక కళ్ళజోడు తుడుచుకున్నారు.

"ఏమ్మా, దీన్ని లోకంలో ఎవరూ చూసినట్టు లేదే."

నేను గంతెయ్యబోయాను.

"కానీ ఒక్కటే ఉంది. అదీ ఆడది. వీటిలో మగదాన్ని చూస్తే గానీ ఏ జాతో తేలదు. మగది కావాలి, ఇంకో నాలుగైనా కావాలి. దొరికేదాకా నోరు విప్పకు. విన్నావా? నోరు విప్పకు."

రెండుసార్లు చెప్పారు పాపం, నా సంగతి ఆయనకి తెలుసు.

ఆ రోజు నేను ఇంటికెళ్ళి వంట చేస్తూ పాడుతున్నానట. మా అత్తగారు, "ఏమిటే అంత సంతోషం?" అని అడిగారు. "పిల్ల దొరికింది అమ్మీ, ఇంక పిల్లాడు దొరకాలి" అన్నాను. "యా అల్లా! ఎవరికి?" అని ఆవిడ లేచి కూర్చున్నారు. పురుగుకి అని చెప్పేసరికి నాలుగు తిట్టి మళ్ళీ పడుకున్నారు.

ఇంతలో రామ్మోహనరావు గారి ఫోను. వాళ్ళమ్మాయి పురిటికొచ్చి పుట్టింట్లోనే ఉంది, మనవడికి అన్నప్రాసన, మీరిద్దరూ తప్పకుండా రావాలని. వెళ్ళకుండా ఎలా ఉంటాం? నేను వల కూడా బ్యాగులో పెట్టుకున్నాను. మావారు చూసి, "శుభకార్యానికి చీరో, వెండిగిన్నో పట్టుకెళ్తారు గానీ వల పట్టుకెళ్తారా?" అన్నారు. వెండిగిన్నె కూడా పట్టుకెళ్ళాం లెండి.

ఇల్లంతా చుట్టాలు. పందిరి, కుర్చీలు, వీధిలోవాళ్ళందరూ. ముఖ్యంగా గుడివాడ నుంచి వియ్యాలవారు. ఆడపిల్ల తండ్రి ఇంటికి వియ్యాలవారొస్తే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, రామ్మోహనరావు గారు నిలబడ్డచోట నిలబడకుండా తిరుగుతున్నారు. పిల్లాడి నాలిక్కి పరమాన్నం రాశారు. వాడు చప్పరించి ఇంకా కావాలని నోరు తెరిచాడు. అందరూ నవ్వారు. "మా బావి నీళ్ళలో వండిన పరమాన్నమండీ మరి!" అన్నారు ఆయన.

తర్వాత బంతి వేశారు. నాకు సరిగ్గా వియ్యపురాలి పక్కన విస్తరి. పప్పు, పులిహోర, గుత్తివంకాయ, బూరెలు. స్టీలు గ్లాసుల్లో చల్లటి బావినీళ్ళు. ఆయన వడ్డిస్తూ వడ్డిస్తూ నా దగ్గర ఆగి, అందరికీ వినబడేలా, "ఏమండీ మేడమ్ గారూ, మా బావి నీళ్ళు పరీక్ష చేశారు కదా, ఎలా ఉన్నాయో చెప్పండి మా బావగారి వాళ్ళకి!" అన్నారు.

అప్పుడు నేనేం చెయ్యాలి? "అమృతమండీ బాబాయి గారూ" అని ఇంకో బూరె వేయించుకోవాలి. గైడు గారు రెండుసార్లు చెప్పారు కదా! కానీ నాకు ఆనందం తన్నుకొచ్చేసింది. అన్ని రోజులు కడుపులో దాచుకున్నానేమో!

"బాబాయి గారూ, మీ బావిలో ఒక పురుగుందండీ! ప్రపంచంలో ఇంకెక్కడా లేదు!"

బంతి మొత్తం చేతులాగిపోయాయి. సాంబారు గరిటె పట్టుకున్నాయన గరిటెతోనే నిలబడిపోయాడు.

"పురుగా?" అన్నారు వియ్యపురాలు.

అక్కడైనా ఆగచ్చు కదా నేను? ఆగలేదు. వాళ్ళ భయం పోగొడదామనుకున్నాను! "చాలా చిన్నదండీ. తెల్లగా, పొడుగ్గా, కళ్ళుండవు, కాళ్ళు మాత్రం బోలెడు. కంటికి కనబడదు కాబట్టి తాగేసినా మనకి తెలియదు. ఏమీ చెయ్యదండీ పాపం! మీ తాతల కాలం నుంచీ అందరూ తాగుతూనే ఉండి ఉంటారు!"

ఎదురు విస్తరి ముందు ఒకాయన లేచి పెరట్లోకి పరిగెత్తాడు. వియ్యపురాలు గ్లాసుని వేలితో నెమ్మదిగా పక్కకి జరిపారు. జరిపి, వాళ్ళ కోడలి వైపు చూసి, "బాబుకి ఇందాక పరమాన్నం ఏ నీళ్ళతో వండారూ?" అన్నారు. మావారు నా వంక చూడ్డం మానేసి విస్తరిలోకి చూస్తున్నారు. శుభ్రమైన నీళ్ళలోనే అవి బతుకుతాయని, పురుగుందంటే నీళ్ళు మంచివని అర్థమని నేను చెబుతూనే ఉన్నాను. ఎవరూ వినడంలేదు. పురుగు అన్న మాట విన్నాక ఇంకేం వింటారు?

రామ్మోహనరావు గారు వడ్డిస్తున్న గిన్నె కింద పెట్టారు. ఆయన మొహం నల్లబడిపోయింది. "పెరుగు వడ్డించండ్రా" అన్నారు. నేను చేతులు కడుక్కుని, సిగ్గులేకుండా, వల వేసుకుంటానని అడిగాను కూడా. "శుభకార్యం కదమ్మా, ఇవాళ వద్దులెండి. వచ్చే ఆదివారం రండి. మీ సార్‌ని కూడా తీసుకురండి" అన్నారు. చూశారా, ఏమీ అనుకోలేదు, ఎంత పెద్ద మనసు అనుకున్నాను. అంత తెలివి నాది.

నిన్న గైడు గారిని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయనకి మోకాళ్ళ నొప్పులు. ఉయ్యూరు దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. దారంతా ఆ పురుగుకి ఏం పేరు పెడదామా అని ఆయన హుషారుగా మాట్లాడారు. ఈయనా ఇలా మాట్లాడతారా అనుకున్నాను. రామ్మోహనరావు గారి పేరే పెడదామన్నాను, బావి ఆయనది కాబట్టి. "మంచి ఆలోచనమ్మా" అన్నారు. మంచి అన్నారండీ, నన్ను!

వీధి మలుపు తిరిగేసరికి వాసన. గైడు గారి మాట ఆగిపోయింది. ఆటో దిగకుండానే ముక్కు ఎగబీల్చారు.

"ఏమ్మా, ఇది బ్లీచింగ్ పౌడరు కదూ?"

"కాలవల్లో చల్లి ఉంటారు సార్" అన్నాను.

గుమ్మంలో రామ్మోహనరావు గారు తెల్లటి పంచెతో ఎదురొచ్చారు. పెరట్లో వీధివాళ్ళందరూ ఉన్నారు. గుడివాడ వియ్యపురాలు కూడా, మనవణ్ణి ఎత్తుకుని. బావి గట్టుకి కొత్త సున్నం. పసుపు, కుంకుమ బొట్లు. మామిడాకులు కట్టారు.

"రండి సార్, రండి మేడమ్ గారూ. ఇంజను పెట్టి నీళ్ళన్నీ తోడించేశానండీ. మనుషుల్ని దింపి పూడిక మొత్తం తీయించాను. గోడలు రాయి రాయీ రుద్దించాను. బ్లీచింగ్ ఊరికే చల్లలేదండీ, గోతాంతో కొట్టించాను! మళ్ళీ ఊటొచ్చాక ఇంకోసారి కొట్టించాను. ఇప్పుడు చూడండి వల వేసి. ఒక్క పురుగుంటే నా పేరు మార్చుకుంటాను!"

గైడు గారు బావిలోకి తొంగి చూశారు. "తీసిన పూడిక ఎక్కడ పోయించారండీ?" అని అడిగారు. చెరుకు తోటలో గట్టు పక్కన పోయించారట. సార్ మోకాళ్ళ నొప్పి మర్చిపోయి అటు నడిచారు. వెనకాల నేను. ఎండకి ఆ బురదంతా అప్పచ్చుల్లా పగిలి ఉంది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని ఒక పెళ్ళ తీసి చేత్తో నలిపి చూశారు. పొడి. ఇంకో పెళ్ళ తీశారు. నాకు ఏడుపొచ్చేసింది, అక్కడే నిలబడి ఏడ్చాను. ఆయన నన్ను తిట్టినా బాగుండేది.

అన్నపూర్ణమ్మ గారు నా వెనకే వచ్చారు. నేను ఎందుకు ఏడుస్తున్నానో ఆవిడకి తెలియదు కదా, నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వేం బాధపడకమ్మాయ్, నువ్వు చెప్పబట్టే బాగుచేసుకున్నాం" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి చెప్పారు. ఆ బంతి లేచిన సాయంత్రమే వియ్యాలవారు పిల్లనీ పిల్లాడినీ గుడివాడ తీసుకెళ్ళిపోయారట. ఇంకా కొన్నాళ్ళు ఉండాల్సినవాళ్ళు. వీధిలో ఒక్కరూ బిందె పట్టుకుని రాలేదట. "ఆయన సరిగ్గా అన్నం తిన్నది లేదమ్మా. మా తాత తవ్వించిన బావి, నా హయాంలో పురుగులు పడ్డాయన్న మాటొచ్చిందే అని ఒకటే బాధ. ఇవాళ నువ్వు వచ్చి అందరి ముందూ బాగుందని చెబితేనే బాబుని ఇక్కడ ఉంచుతానందిట వియ్యపురాలు."

ఇంకేం అంటాను? కోపం తెచ్చుకుందామన్నా ఎవరి మీద తెచ్చుకోను? ఆయన ఆయన పరువు కాపాడుకున్నారు. తీసిందెవరు ఆ పరువు? నేనే!

వెనక్కొచ్చి వల దించాను. అందరూ గట్టు చుట్టూ మూగారు. అడుగుదాకా దించి, పైకీ కిందికీ ఆడించి లాగాను. సీసాలో నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే సీసా ఖాళీ ఏమో అనిపించింది. భూతద్దం పెట్టి చూశాను. దేవుడా, ఒక్కటైనా ఉండాలి, ఒక్క కాలైనా కదలాలి అని మనసులో దువా చేశాను. నా పక్కన రామ్మోహనరావు గారు కూడా కళ్ళు మూసుకుని ఏదో మొక్కుకుంటున్నారు. ఇద్దరం ఒకే సీసా చూస్తున్నాం, ఆయన కోరుకున్నదొకటి, నేను కోరుకున్నదొకటి.

"ఏమీ లేదండీ" అన్నాను. సీసాకే చెప్పుకున్నట్టు మెల్లగా.

"గట్టిగా చెప్పండమ్మా, వెనకవాళ్ళకి వినబడలేదు!"

"ఏమీ లేదండీ! ఒక్క ప్రాణి కూడా లేదు!"

చప్పట్లు! ఒకటే చప్పట్లు! వియ్యపురాలు పిల్లాణ్ణి అన్నపూర్ణమ్మ గారి చేతుల్లో పెట్టేశారు. రామ్మోహనరావు గారి కళ్ళ వెంట నీళ్ళు. ఆడవాళ్ళు అప్పుడే బిందెలు తెచ్చేశారు. ఇంతలో ఎవరో పళ్ళెం తెచ్చారు. అందులో ఏముందనుకుంటున్నారు? శాలువాలు! ఒకటి సార్‌కి, ఒకటి నాకు. ఊరి ఆరోగ్యం కాపాడినందుకట! సార్ మెడలో దండ కూడా వేశారు. ఆయన ఆ దండతో, మోకాళ్ళకి అంటిన బురదతో నిలబడి ఉంటే ఫోటో తీశారు. మన సార్ ఎక్కడికెళ్ళినా ఇంటి నుంచి తెచ్చుకున్న మంచినీళ్ళ సీసా తప్ప ఇంకోటి ముట్టరు కదా, అలాంటాయన చేత ఆ బావినీళ్ళు గ్లాసుడు తాగించారు. బ్లీచింగ్ కంపు గుప్పుమంటోంది. "ఎలా ఉన్నాయండీ సార్?" అన్నారు రామ్మోహనరావు గారు. సార్ ఆయన మొహం చూసి, "అమృతమండీ" అన్నారు.

బంతిలో నేను అనాల్సిన మాట అది!

తిరుగు బస్సులో కంకిపాడు దాటేదాకా సార్ ఒళ్ళో శాలువా మడతపెడుతూ కూర్చున్నారు. నేనే, "అడుగు ఇసకలోంచి మళ్ళీ ఎప్పటికైనా వస్తాయి కద సార్?" అని అడిగాను. "రావచ్చమ్మా. మనం ఓపికపడితే రావచ్చు. కానీ నెలనెలా బ్లీచింగ్ కొట్టిస్తానని ఆయన మనకి మాటిచ్చాడుగా. నువ్వు థాంక్స్ కూడా చెప్పావు" అన్నారు. కిటికీలోంచి చూస్తూ ఇంకో మాట అన్నారు, "ఇకమీదట నీకేదైనా కొత్తది దొరికితే ముందు నాక్కూడా చెప్పకు."

లాబ్‌లో సీసాలో ఉన్న ఆ ఒక్క ఆడదే మిగిలింది. దాని వాళ్ళెవరో, ఎంతమందో, ఎలా ఉండేవాళ్ళో ఇంక తెలిసే దారి లేదు. ఎన్ని వేల ఏళ్ళుగా ఆ చీకట్లో ఎవరి జోలికీ పోకుండా బతికాయో! నేను చూశాను, పొంగిపోయాను, పదిమందికీ చెప్పాను, ఐపోయాయి. రాత్రి అన్నం సయించలేదండీ నాకు. మా అత్తగారు కూడా ఈసారి తిట్టలేదు.

ఆగండి, ఇంకా అవ్వలేదు. ఇందాక ఆఫీసు రూమ్‌లో నాకు ఫోనొచ్చిందని ప్యూన్ పిలిచాడు చూశారా, అది ఆ పక్క ఊరి ప్రెసిడెంటు గారు. నిన్నటి సంగతి చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పాకిపోయిందట.

"మేడమ్ గారూ, మా ఊళ్ళో కూడా పాత బావులు చాలా ఉన్నాయండీ. మీరొచ్చేలోపు మీకు శ్రమ లేకుండా అన్నిటికీ బ్లీచింగ్ కొట్టించేశాం. మీరొచ్చి వల వేసి, 'ఏమీ లేదు' అని ఒక్క మాట అనేస్తే చాలండీ!"

వస్తానని చెప్పానండీ. ఏం చెయ్యను, ఇన్నేళ్ళు చదివి నేను ఖచ్చితంగా చెప్పగలిగేది ఇప్పుడు ఆ ఒక్క మాటే.